మొదటి పట్టీ

మా అక్క మొగుడు ముప్పై ఏళ్లు మడత గేట్లే చేశాడు. లాగితే ముడుచుకుని, తోస్తే సాగి దారంతా మూసేసే ఇనప గేట్లు. వీధంతా ఆయన్ను గేటు బావ అనేది. విసుగొస్తే మా అక్క కూడా.

ఆ గేట్ల గుట్టు ఒకసారి నాకు నాలుగు పుల్లలతో చూపించాడు. నాలుగూ ఒకే పొడవు, మూలల్లో సీలలు.

"చూడు మరదలా, ఎంత నొక్కినా పక్కలు మారవు, మూలలే మారతాయి. పైదీ కిందదీ సన్నబడితే అటుదీ ఇటుదీ అంత మేరా వెడల్పవుతాయి. ఎదురెదురు మూలలు మాత్రం ఎప్పుడూ కవలలే."

గేటులోని గళ్లన్నీ అలాంటివే. ఒక్కదాని పక్క పొట్టిదైతే మిగతావన్నీ అలిగి కూర్చుంటాయి.

ఏడాదిగా అక్క ఒకటే పోరు: "నీ కళ్లు పోయాయి, ఇక చాలించు." పడలేక బావ మాటిచ్చేశాడు, ఒక్క గేటు చెడినా షెడ్డుకు తాళం వేస్తానని. అదిగో, బడిలో పుస్తకాల గదికి చేసిన గేటు సగంలో బిగుసుకుపోయింది. కబురొస్తే బావ వెళ్లాడు. సాక్ష్యానికి అక్క, అక్కకు తోడు నేను.

బావ గేటు ముందు చతికిలబడి ఒక్కో సీలా తడిమి చూస్తున్నాడు.

"ఎదురుగా ఉన్న నేనే కనబడను, వెంట్రుకవాసి తేడా ఏం కనబడుతుంది నీకు?" అంది అక్క.

"కనబడకపోయినా వినబడతావుగా."

లెక్కల టీచరమ్మ నవ్వి, టేపు తెచ్చింది. "ఇవన్నీ రాంబస్‌లు కదండీ, నాలుగు పక్కలూ సమానమేనా చూద్దాం."

ఎడమ చివర గడికీ కుడి చివర గడికీ అర వేలు తేడా వచ్చింది. అదీ ఒక్కచోట కాదు, గడి గడికీ పక్క పొడవు కాస్త కాస్తగా తరుగుతూ పోయింది. అంకె వినగానే బావ గడప మీద కూలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. మొదటి ఇనప పట్టీకి ఒక్కదానికే కొలిచి చిల్లులు వేస్తాం. తర్వాత ప్రతి పట్టీ మీదా దాన్నే పెట్టి గుర్తు పెట్టుకోవాలి. ఆ రోజు అది గోడవార ఉంది. మోకాళ్లు లేవనివ్వలేదు. చేతికందిన రెండోదాన్ని పెట్టి మూడోది గీశాను, మూడోది పెట్టి నాలుగోది... గీసినప్పుడల్లా వెంట్రుకవాసి తరిగింది."

"అయితే కళ్లు కాదా?" అంది అక్క, మెల్లగా.

"కళ్లు కాదే. ఒళ్లు."

జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఏడాదిగా దానికోసమే పోరిన మనిషి, తీరా చేతికొచ్చాక ఏం చేయాలో తెలియనట్టు చూసింది.

"ముందు దీన్ని ఎవరు బాగుచేస్తారు, మీ తాతా? లే."

మూడు రోజులు పట్టింది. కొత్త పట్టీలకు ఆయన చిల్లులు వేస్తుంటే అక్క గోడవార పీట వేసుకుని, ప్రతిసారీ ఆ మొదటి పట్టీనే అందించింది. ఒక్కసారి కూడా కళ్ల మాట ఎత్తలేదు.

గేటు వేలితో తోస్తే సాగింది. బావ రెండుసార్లు లాగి చూసి, ఇంటికెళ్లి పడుకున్నాడు.

తాళంచెవి అక్క దగ్గరే ఉంది. ఆయన అడగలేదు. బడివైపు వెళ్లినప్పుడల్లా అక్క మాత్రం ఆ గేటును ఒకసారి లాగి చూసి వస్తుంది.