మణికట్టు మాట వినే మావయ్య

ప్రెస్సులో మావయ్యకు ఒకసారి ఘోరమైన అన్యాయం జరిగింది. "బాగా నడిచే ఉద్యోగి" అని అందరి ముందూ కప్పు చేతికిచ్చి, వారం తిరక్కుండానే "దొంగ నడక" అని అందరి ముందూ లాక్కున్నారు. మావయ్య దొంగ కాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. తన ఒంటి సంగతి ఒంటిని అడగడు, అడుగులూ నిద్రా లెక్కపెట్టే మణికట్టు పట్టీని అడుగుతాడు.

"రాత్రి బాగా నిద్రపట్టిందా మావయ్యా?" అని మేనల్లుడు అడిగితే, "ఉండరా, చూసి చెప్తా" అని చొక్కా చెయ్యి పైకి లాగేవాడు. చూసి మొహం వేలాడేసేవాడు.

"పట్టలేదట్రా! నేనేమో హాయిగా పడుకున్నాననుకుని లేచాను. ఎంత మోసం!"

ఇక ఆ రోజంతా ఆవలింతలే.

కూరలో ఉప్పు ఎక్కువైందని ఒకరోజు కంచం తోసేశాడు.

"కోపమొచ్చిందా?" అంది అత్తయ్య.

మావయ్య మణికట్టు చూసుకున్నాడు. "లేదు. గుండె నిదానంగానే కొట్టుకుంటోంది" అని కంచం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

"నయం! నన్ను చేసుకునేటప్పుడు ఇది లేదు. ఉంటే దాని అనుమతి కూడా కావాల్సొచ్చేది."

ఈ పట్టీలు ప్రెస్సు యజమాని దయ. ఆరోగ్యమే మహాభాగ్యమని అందరి చేతులకీ కట్టించి, ఎవరెంత నడిచారో తన ఫోనులో చూసుకునేవాడు. ఆ మహాభాగ్యానికి చిన్న తోక ఉంది. అడుగులు చాలక వరసగా మూడు నెలలు ఎర్రగుర్తు పడితే ఉద్యోగం ఊడుతుంది. మెట్లెక్కండని గోడల నిండా కాగితాలు అంటించారు. యజమాని లిఫ్టులోంచి దిగి వాటిని చదివి మెచ్చుకునేవాడు.

మేనల్లుడు అక్కడే పేజీలు పేర్చేవాడు. చదివిన పుస్తకాలకన్నా తిట్టుకునే మనుషులు ఎక్కువ అతనికి. "మెడకు కట్టాల్సింది చేతికి కట్టారు మావయ్యా" అనేవాడు.

మావయ్య పని ప్రూఫులు దిద్దడం. హాలు చుట్టూ తిరుగుతూ దిద్దేవాడు. "గ్రహం వస్తోంది, తప్పుకోండ్రా" అనేవాళ్లు మిషన్ల దగ్గరివాళ్లు. కూర్చోక తప్పనప్పుడు బల్లకింద ఒక కాలు ఊపేవాడు. ఆ ఊపే కొంప ముంచింది. మేనేజరు వంగి చూసి, "ఓహో, ఇదా నీ నడక!" అన్నాడు. కప్పు పోయింది. పట్టీ చేతికుంటే కాలు ఊపి లాభమేమిటని ఒక్కడికీ తట్టలేదు. మావయ్య కూడా ఆ మాట అనలేదు.

సాయంత్రం మేనల్లుడు మండిపడుతూ ఇంటికొచ్చాడు.

"నోట్లో నాలుక లేదా నీకు? నీది దొంగ నడక అంటే ఎట్లా ఊరుకున్నావు?"

అంతలో మావయ్య కుర్చీ కిందనుంచి ఏదో కుయ్యిమంది.

"మావయ్యా, నీ మేజోడు మోగుతోంది!"

"లేచి నడవమంటోందిరా. నన్ను కాదు, బైండింగు అక్కని."

మేజోడు కిందికి లాగితే చీలమండకు ఇంకో పట్టీ! బైండింగు అక్క రోజంతా కూర్చుని పుస్తకాలు కుట్టే మనిషి. మోకాలు వాచి, గుమ్మం దాటడమే గగనం. అప్పటికే రెండు ఎర్రగుర్తులు పడ్డాయి. ఆ ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కతే.

"రేపే అందరికీ చెప్పేస్తా!"

"చెప్పు. నా పరువు వస్తుంది, ఆవిడ ఉద్యోగం పోతుంది. ఏది బరువో నువ్వే తూచు."

మేనల్లుడు ఎవర్నీ తిట్టకుండా, వంగి ఆ మేజోడు మళ్లీ పైకి లాగాడు. అతని జన్మలో అది అరుదైన ఘట్టం.

ఆ నెల అక్కకు పచ్చగుర్తు పడింది. యజమాని స్వయంగా వచ్చి, "చూశావా, నడిస్తే మోకాలు దానంతటదే దారికొస్తుంది" అని ఉపన్యసించాడు. నవ్వు ఆగక అక్క దించిన తల ఎత్తలేదు.

తర్వాత మేనల్లుడు వేరే ప్రెస్సుకు మారాడు. చివరిసారి మావయ్య బస్టాపులో కనిపించాడు. బస్సు వచ్చేలోగా స్తంభం చుట్టూ దబదబా తిరుగుతున్నాడు.

"ఇంకా అక్క నడకే మోస్తున్నావా మావయ్యా?"

"అక్కదుంది. ఈమధ్య ప్యాకింగు తమ్ముడికి నడుం పట్టేసింది."

"మరి అతన్నెక్కడ పెట్టుకున్నావు?"

మావయ్య రెండో మేజోడు సర్దుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఈ కాలు ఊరికే నా వెంట తిరుగుతోంది కదరా!"