చేదు తగల్లేదన్నాను

మా ఇంట్లో తండ్రి బతికుండగా కొడుకు మీసం మీద కత్తి పడదు. చాలా ఇళ్ళలో ఉన్న ఆనవాయితీయే. మా వాళ్ళు దాన్ని ఇంకొంచెం బిగించి పట్టుకున్నారు, కత్తెర కూడా పడనివ్వరు. శ్రీకూర్మం అవతల నాలుగూళ్ళ పెత్తనం చేసిన రోజుల్లో మా తాత మీసాలు చెంపలు దాటి ఉండేవట. తర్వాత ఊళ్ళు పోయాయి, దివాణం పైకప్పు కూలింది, చివరికి గుమ్మాలు కూడా ఎవరో పట్టుకుపోయారు. మీసం మాత్రం నా దాకా వచ్చింది. జిల్లాలో ఒక ఆసుపత్రిలో నేను నర్సు ఉద్యోగంలో చేరినప్పుడు బంధువులు నవ్వారు. ఇస్త్రీ చొక్కాతో, దువ్విన మీసంతో వాళ్ళ ముందునుంచే నడిచి డ్యూటీకి వెళ్ళాను.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఆ చలికాలం ఆసుపత్రి వెనకవైపు గదుల్ని విడిగా వార్డు చేసి, నన్ను అక్కడ వేశారు. నాకేమవుతుందోనన్న భయం పెద్దగా లేదు. నాన్నకు డెబ్బై దాటాయి, ఉబ్బసం. నాలుగు మెట్లెక్కితే ఊపిరి ఈల వేస్తుంది. అద్దె ఇంట్లో ఆయన మంచానికీ నా మంచానికీ మధ్య ఒక స్టూలు పట్టేంత జాగా. ఆ జబ్బు నా వెంట ఇంటికొస్తే ఆయన దక్కరు.

వార్డు తెరిచే ముందు విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చి మా పన్నెండుమందికి ఎన్-95 మాస్కు వాడకం నేర్పారు. పై పట్టీ నడినెత్తికి, కింది పట్టీ మెడకు. ముక్కు మీది రేకును రెండు చేతుల వేళ్ళతో ఒత్తాలి. అరచేతులు మూసి ఊపిరి వదిలితే అంచుల్లోంచి గాలి రాకూడదు. తీసేటప్పుడు ముందుభాగం ముట్టుకోకూడదు. కింది పట్టీ ముందు, పైది తర్వాత, పట్టీలు పట్టుకునే పసుపు డబ్బాలో పడేసి చేతులు సబ్బుతో కడగాలి. అవి కడిగేదాకా మొహం మీదికి పోకూడదు.

ఆ తర్వాత పరీక్ష. అందరి ముందూ, మాస్కు పెట్టుకున్న తలకు ముందువైపు అద్దంలా కనిపించే పెద్ద సంచి లాంటిది తొడిగి లోపలికి చేదు మందు చిమ్మారు. మాస్కు సరిగ్గా అతికితే రుచి తెలియదట.

"చేదు తగిలితే చెయ్యెత్తండి," అన్నారాయన.

తల పక్కకు తిప్పమన్నప్పుడు నాలుక మీద చేదు తగిలింది. నమిలిన మాత్రలా ఉంది. మాస్కు అంచు చెంపకు అతుక్కోవాల్సిన చోటే నా మీసం పరుచుకుని ఉందని నాకు తెలుసు. చెయ్యెత్తితే ఆయన తర్వాత అనబోయే మాటా తెలుసు. ముందు వరసలో హెడ్ నర్సు కూర్చుని ఉంది. ఆమెది కళింగపట్నం. వాళ్ళ నాన్న ఒకప్పుడు మా దివాణానికి చేపలు తెచ్చిన మనిషి.

"తగిలిందాండీ?"

"లేదు."

ఎవరూ రెండోసారి అడగలేదు.

వారం తిరక్కముందే, వార్డులో నేల తుడుస్తున్న ఆయమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"బాబూ, ఒక మాటంతాను, ఏటనుకోకండి. మీరు ఊపిరొదిలినప్పుడల్లా మీసం కొనలు ఊగతన్నాయి. బయటికెల్లే గాలి నోపలికి రాదేటి?"

"నీ పని నువ్వు చూసుకో."

"ఇదీ నా పనే బాబూ. రేపు మీరు పడితే మీ పక్కగుడ్డలు మార్సీది నానే గదా!"

ఆ రోజు మాస్కు తీసేటప్పుడు నన్ను నేను గమనించుకున్నాను. కింది పట్టీ, పై పట్టీ, డబ్బా, అంతా నేర్పినట్టే చేశాను. అయితే డబ్బా మూత పడగానే, కుళాయి దాకా పోకముందే, నా చెయ్యి పైకి లేచి నలిగిన మీసాన్ని దువ్వి మెలితిప్పింది. రోజూ ఇలాగే చేస్తున్నానన్నమాట.

ఆ సాయంత్రం నుంచి కంచం వీధి వసారాలోకి తెచ్చుకున్నాను. నాన్న లోపల్నుంచి గొంతెత్తారు.

"ఏటిరా, నా పక్కన కూకుని తినడానికి నామోషీయేటి?"

తల దించుకుని అన్నం కలుపుకున్నాను. కారణం చెబితే చేదు సంగతీ చెప్పాలి. పడుకుని ఆయన దగ్గు వింటూ అది పాత దగ్గో కొత్త దగ్గో పోల్చుకోవడమే నా పనయింది. మూడో రోజు పొద్దున్నే ఆయన నుదురు కాలింది. డాక్టరు చూసి మందులిచ్చారు. ఆయాసం పెరిగితే క్షణం ఆలస్యం చెయ్యొద్దన్నారు.

నేరుగా హెడ్ నర్సు గదికి వెళ్ళాను. "సిస్టర్, ఆ రోజు చేదు తగిలింది."

ఆమె రాస్తున్న కలం పక్కన పెట్టింది. "తెలుసండి. మీరు గుటక మింగడం సూసినాను. మీ అంతట మీరే సెప్తారని ఆగినాను. ఆగడం నా తప్పే." డ్యూటీ పుస్తకం ముందుకు లాక్కుని అంది, "మీసంతో ఇంక లోపలికి రానియ్యను. కొనలు కత్తిరించుకున్నా సాలు. లేదంటే వేరే డ్యూటీ రాయమంటారా?"

నా బదులు ఇంకొకరిని ఆ వార్డులోకి పంపమని అడగడానికి నోరు రాలేదు. కొనలు తెగిన మీసంతో తిరగడం కంటే అసలు లేకపోవడమే నయమనిపించింది.

సెలూన్‌లో కుర్చీలో కూర్చుని "మొత్తం తీసెయ్" అన్నాను. మంగలి చెయ్యి ఆగిపోయింది. వెళ్ళి రేడియో కట్టేసి వచ్చాడు.

"ఎప్పుడు పోనారు బాబూ? మొన్ననే పాలడిపో కాడ కనిపించినారే!"

"పోలేదు. ఇంట్లో ఉన్నారు."

"మరి మీసమేటి బాబూ? నా సేత తీయిస్తారేటి? పెదబాబుకి తెలిస్తే నన్ను సంపేస్తారు!"

"ఆయనతో నేను చెప్పుకుంటాను. నువ్వు కానియ్."

తిరిగి వస్తుంటే కిళ్ళీ కొట్టతను లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. మా గుమ్మం ముందు పక్కింటామె నా మొహం చూసి "అయ్యో, బాబుగారూ!" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లోపల్నుంచి నాన్న కేక వినిపించింది. "ఎవులే పోనారు?"

చేతులు కడుక్కుని, గడప దగ్గరే నిలబడి ఆయనకు మొహం చూపించాను. ఆయన చూసి గోడవైపు తిరిగిపోయారు. ఆ వీపుకే జరిగింది చెప్పాను. మీసం తీయించుకున్న సంగతి చెప్పడం కష్టం కాలేదు. పన్నెండుమంది ముందు అబద్ధమాడానన్న మాట మాత్రం రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

"మీసం కోసం అబద్ధమాడినావా?"

"ఆడాను నాన్నా."

ఆయన దుప్పటి భుజం మీదికి లాక్కున్నారు. గోడవైపు తిరిగే అన్నారు: "ఆ వార్డు పనయిపోనాక మళ్ళీ పెంచు. నాను పోయిననాడు తియ్యడానికి ఏటో ఒకటి ఉండాల గదా."

మర్నాడు హెడ్ నర్సు ముందు పరీక్ష మళ్ళీ పెట్టించుకున్నాను. తల తిప్పాను, వంగాను, గట్టిగా మాట్లాడాను. చేదు లేదు. నమ్మకం కలగక ఇంకోసారి చిమ్మమన్నాను. మాస్కు తీసి డబ్బాలో వేశాక చెయ్యి అలవాటుగా పైకి లేచింది. పెదవి దగ్గరకు రాకముందే దాన్ని దించి కుళాయి తిప్పాను.

నాన్న జ్వరం ఇంకో మూడు రోజులుంది. అది నేను తెచ్చిందో, చలికి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. నాలుగో రోజు పొద్దున్న ఆయన లేచి కూర్చుని, టీలో పంచదార తక్కువైందని నన్ను తిట్టారు. వసారాలో నిలబడి ఆ తిట్లు చివరిదాకా విన్నాను.