ఆరు కుండలకు ఆయిల్ పెయింటు

పోయిన వారం నేను చేసిన ఘనకార్యం మీకింకా తెలీదనుకుంటా. ఊర్లో అందరికీ తెలిసిపోయింది, మీరే మిగిలినారు. వేరేవాళ్ళ నోట వినేకంటే నా నోటనే వినేది మేలు. కూర్చోండి, టీ తాగతా చెప్తా. నవ్వితే నవ్వండి గానీ, టీ ముక్కులోకి పోకుండా చూసుకోండి!

ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో అయివారిగా చేసి రిటైరైనా. చిన్నప్పటినుంచీ నాకు రెండే పిచ్చులు. ఒకటి బ్రష్షు. గోడ ఖాళీగా కనపడితే చెయ్యి దురద పెడతాది. స్కూలు గోడమీద బొమ్మలు, కంటి శిబిరానికి బ్యానర్లు, రక్తదానానికి బోర్డులు, వినాయకుని పందిట్లో పరదాలు, అన్నీ నేనే. ఎవురూ అడగకపోయినా నేనే! రెండోది ఎండాకాలం వస్తే రాప్తాడు రోడ్డు మీద మా బస్టాపు కాడ, యాపచెట్టు కింద చలివేంద్రం పెట్టడం. పదిహేడేండ్లుగా పెడతాండా. ఆరు కుండలు, కింద ఇసుక, చుట్టూ తడి గోనెపట్టాలు, పక్కన కుర్చీలో నేను. మా ఎండల సంగతి చెప్పేదేముంది, బస్సు దిగిన మనిషికి నాలుక పిడచగట్టి ఉంటాది. ఆ మనిషి "సార్, రవ్వన్ని నీళ్ళు" అంటే నాకు ప్రాణం లేచొస్తాది. నిజం చెప్తాండా, రిటైరైనాక నన్ను సార్ అని పిలిచే చోటు అదొక్కటే. ఇంట్లో అయితే "ఏమండీ, ఆ చెత్తబుట్ట బయట పెట్టి రాండి" అంతే.

ఈసారి ఏమైందంటే, నేనింకా కుండలు పెట్టకముందే బస్టాపు అంగళ్ళోళ్ళ సంఘం ప్రెసిడెంటు నాగిరెడ్డి వచ్చి నా ముందర నిలబడినాడు.

"సార్, ఈ కాలంలో కుండల్లో నీళ్ళు ఎవురు తాగతారు సార్? అందరి చేతుల్లో సీసాలే. ఈ చెట్టు కింద కూలింగ్ మిషన్ పెట్టిస్తాం. మీరు ఇంటికాడ హాయిగా రెస్టు తీసుకోండి."

రెస్టు! ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతాది.

"నాగిరెడ్డీ, నీ మిషన్ కరెంటు ఉంటేనే చల్లగుంటాది. నా కుండకు కరెంటుతో పనేముంది?"

"సరే సార్, మీ మాట ఎందుకు కాదనల్ల. సోమవారం నేనే వచ్చి తాగి చూస్తా. నీళ్ళు బాగుండి, జనం వస్తాంటే మీ కుండలే ఉండనీ. లేకుంటే మిషనే. మళ్ళా నన్ను అనుకోకూడదు."

"అనుకోనులే, పో!" అంటిని.

అది బుధవారం. ఇంటికి పోతా పోతా ఒకటే ఆలోచన. ఆ చెట్టు కింద జాగా పోతే పొద్దున లేచి నేను యాడికి పోవల్ల? టీవీ ముందర కూర్చోవల్లనా? కూర్చోను గాక కూర్చోను. జనం రావల్లంటే ముందు కంటికి ఇంపుగా ఉండల్ల. మట్టికుండ మట్టిరంగులోనే ఉంటే ఎవురు చూస్తారప్పా? అట్ల అనుకునేసరికి చెయ్యి దురద మొదలైంది.

గురువారం కుమ్మరి కుళ్ళాయప్ప దగ్గర ఆరు కొత్త కుండలు తెచ్చినా. వరండాలో బోర్లించి పని మొదలుపెట్టినా. మొదట తెల్ల ప్రైమరు. దానిమీద ఆయిల్ పెయింటు, రెండు కోటింగులు. ఒకదానిమీద నెమలి, ఒకదానిమీద తామరపూలు, ఒకదానిమీద జింకలు, ఒకదానిమీద సెనక్కాయ చెట్టు కాయలతో సహా, ఒకదానిమీద బిందెలెత్తుకున్న ఆడోళ్ళు. ఆరోదానిమీద జోరున వాన. మా జిల్లాలో వాన బొమ్మలోనన్నా పడల్ల గదా! చివరికి తళతళ మెరిసేదానికి వార్నిష్.

మా ఆవిడ సుశీల వాసనకు ముక్కు మూసుకొని బయటికొచ్చింది. "కుండలకు పెయింటేందండీ? మా అమ్మ పసుపూ కుంకుమా పెడతాండె గానీ ఇట్లాంటివి నేను యాడా చూళ్ళేదు."

"నీకు కళ గురించి తెలీదు. గమ్మునుండు."

"గమ్మునే ఉంటాలెండి. చెప్తే విన్నదెప్పుడు గనక," అని లోపలికి పోయింది. ఆ "గమ్మునుండు" ఇప్పుడు రోజుకు రెండుసార్లు నాకే తిరిగొస్తాంది.

శనివారం పొద్దున కుండల్ని చెట్టు కింద వరసగా పెట్టినా. గోనెపట్టా చుడితే నెమలి కనపడదు. అందుకని పట్టాలన్నీ మడిచి పక్కన పడేసినా. పక్కనే పంచర్ల అంగడి మహబూబ్ బాషాది. నలభై యేండ్ల స్నేహం మాది.

"సార్, గోనెపట్టాలు చుట్టలేదే?"

"అవి పాతకాలం బాషా. ఇప్పుడంతా అందం కాలం!"

జనం వచ్చినారంటే మామూలుగా రాలేదు! కుండల పక్కన నిలబడి సెల్ఫీలే సెల్ఫీలు. ఒక డ్రైవరన్న బస్సు ఆపి, దిగొచ్చి, జింకల్ని ఫోటో తీసుకున్నాడు. నేను కుర్చీలో కాలుమీద కాలేసుకొని, నాగిరెడ్డి అంగడి పక్కే చూస్తా కూర్చున్నా. ఆ తర్వాత వాళ్ళు నీళ్ళు తాగినారు.

కండక్టరు ఒక గుక్క తాగి గలాసులోకి తొంగి చూసినాడు. "సార్, స్నానానికి కాచినారా? రవ్వంత సబ్బు కూడా ఇస్తే ఈడ్నే పోసుకొని పోతా."

"ఇప్పుడే నింపినా అన్నా. ఒక గంట ఆగల్ల," అంటిని.

గంట ఆగినా. మేకల్ని తోలుకొచ్చిన ఒక అవ్వ తాగింది. నా మొగం పక్క చూసింది, గలాసు పక్క చూసింది. "నాయనా, ఇంత కష్టపడినావు, చారెడు టీపొడి ఏసుంటే ఇంకా పుణ్యముండు గదప్పా!"

మధ్యాహ్నానికి తాగేవాళ్ళు లేరు, ఫోటోలు తీసుకునేవాళ్ళే! వాళ్ళు ఫోటో తీసుకొని, ఎదురంగట్లో సీసా కొనుక్కొని తాగతాండారు. అయినా నేను విడుస్తానా? తప్పు యాడుందో కనిపెట్టల్ల. మొదట ఎండమీద అనుమానం. కుండల్ని జరిపి జరిపి చెట్టు మానుకు ఆనించినా. మార్పు లేదు. తర్వాత బోరు నీళ్ళమీద అనుమానం. పంచాయతీ మోటారు వేసే ఆయనతో పోట్లాడి, తెల్లారకముందే నీళ్ళు పట్టుకొచ్చినా. పది గంటలకంతా మళ్ళా ఉడుకే. ఆదివారం బాషా అంగడి రేకుమీద అనుమానం. "నీ రేకు సెగ నా కుండలకు తగలతాంది" అని ఎగిరినా. పాపం బాషా, ఇంట్లోంచి దుప్పటి తెచ్చి రేకుకు అడ్డం కట్టినాడు. అయినా లాభం లేదు. చివరికి వట్టివేళ్ళు తెచ్చి కుండల్లో వేసినా. ఉడుకు నీళ్ళకు వాసన కూడా తోడైంది, అచ్చం కషాయమే!

అప్పుడు బాషా మెల్లగా అన్నాడు. "సార్, ఏమనుకోవద్దు. పోయినేడాది ఈ ఇసుక ఎప్పుడూ తడిగా ఉంటాండె. ఈసారి పొడిగా ఉండాదే?"

"అదీ నా పనితనం!" అంటిని గర్వంగా. "ఒక్క చుక్కన్నా బయటికి కారతాందా చూడు! కుళ్ళాయప్ప కుండలకు ఎప్పుడూ చెమటే. ఆ చెమటకు నేను అడ్డమేసినా. మనది కరువు సీమ బాషా, ఒక్క చుక్క కూడా వేస్టు కాకూడదు."

బాషా ఏదో అనబోయి, నోరు మూసుకొని, ట్యూబు గీక్కుంటా కూర్చున్నాడు.

అంతలో బస్సొకటి వచ్చి ఆగింది. చేతిలో సంచి పట్టుకొని ఒకామె దిగింది. నన్ను చూడంగానే మొగం విప్పారింది.

"నమస్కారం సార్! నేను రమాదేవిని. నల్లమాడలో మీ దగ్గరే చదువుకున్నా. పోయిన నెలనే ఈ ఊరి హైస్కూల్లో టీచరుగా చేరినా."

నా సంతోషం ఏమని చెప్పాల! నా చేతులతో నెమలికుండలో నీళ్ళు ముంచి ఇచ్చినా. రమాదేవి తాగింది. మింగలేక, ఉమ్మలేక, కండ్లల్లో నీళ్ళు తెచ్చుకొని మింగింది. గలాసు పెట్టి, కుండమీద అరచెయ్యి ఆనించింది. పెదవులు బిగబట్టుకుంది.

"సార్, ఒక ప్రశ్న అడగొచ్చా?"

"అడుగమ్మా, భయమెందుకు?"

"మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి?"

ఇంతసేపూ నేను స్కూల్లో ఏ సబ్జెక్టు చెప్తాంటినో మీకు చెప్పలే, గమనించినారా? కావాలనే చెప్పలే. సైన్సు. ముప్పై రెండేళ్ళూ సైన్సే!

నా నోరు దానంతట అదే మొదలుపెట్టింది. "కుండకు కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా నీరు బయటికి వచ్చి ఆవిరవుతుంది. అందుకు కావలసిన వేడిని లోపలి నీటి నుండి..." అంటా అంటా ఆగిపోయినా. ఒళ్ళంతా చల్లబడింది. నీళ్ళు తప్ప అన్నీ చల్లబడినాయి.

"ఆ రంధ్రాలు ఇప్పుడు యాడుండాయి సార్?"

"ప్రైమరు కింద ఉండాయమ్మా."

బాషా పొట్ట పట్టుకొని నవ్వుతాండాడు. "నాకు నిన్నటి నుంచి అదే అనుమానం సార్!"

"మరి చెప్పొచ్చు గదా, తిక్కోడా!"

"సైన్సు సార్‌కు పంచర్లేసేవాడు సైన్సు చెప్తే బాగుంటాదా సార్?"

తెల్లారితే సోమవారం. బండి తీసుకొని కుళ్ళాయప్ప ఇంటికి ఉరికినా. "కాల్చినవి లేవు సార్, అన్నీ పచ్చివే. వారం పడతాది. అయినా మొన్ననే ఆరు తీసుకపోతిరి గదా, పగిలినాయా?"

"లే, ఉండాయి."

"మరెందుకు సార్?"

బండి తిప్పుకొని ఇంటికొచ్చినా. పోయినేడాది కుండల్లో చూస్తే సుశీల కరేపాకు, మల్లెచెట్లు పెట్టుకొని ఉండాది. వాటిని పీకే ధైర్యం నాకు లేదు. మిగిలింది ఒకటే దారి. ఏసిన చేతులతోనే గీకల్ల.

గీకినామప్పా! బాషా ట్యూబులు గీకే ఆకురాయి, ఉప్పుకాగితం, ఇటికెపెళ్ళ, ఏది దొరికితే దాంతో. రమాదేవి కొంగు బిగించి కూర్చుంది. సుశీల కొబ్బరిపీచు తెచ్చి, ఒక్క మాట కూడా అనకుండా నా పక్కనే కూర్చొని రుద్దింది. తిట్టినా బాగుండు అనిపించింది. రెండు దినాలు కష్టపడి వేసిన నెమలికి ఒక్కొక్క ఈకా నా చేతులతోనే పీకితి. బాధ కాలేదని ఎందుకు చెప్పాల, బాగా బాధైంది. జింకలు, తామరపూలు, సెనక్కాయలు మూడూ చేతుల్లోనే పగిలిపోయినాయి. పొద్దు మునిగేసరికి రెండు కుండలకు మట్టి కనపడింది. వానకుండ జోలికి పోయే ఓపిక ఎవురికీ లేదు. ఆ రెండూ నింపి, గోనెపట్టాలు తడిపి చుట్టి ఇంటికి పోయినాం.

సోమవారం పది గంటలకు నాగిరెడ్డి నలుగురిని ఎంటేసుకొని వచ్చినాడు. పట్టా తొలగించి చూసినాడు. ఈడొక నీలం మచ్చ, ఆడొక పచ్చ మచ్చ, నడుమ ఎర్రమన్ను.

"ఏంది సార్, కుండలకు గజ్జి పట్టిందా?"

"దాని చర్మంతో నీకేం పని? తాగు."

తాగినాడు. గలాసు ఖాళీ చేసి, మళ్ళా చాపినాడు. రెండోదీ తాగినాడు. వెనక నలుగురూ గలాసులు అందుకున్నారు. మూడో గలాసుకు మూతి తుడుచుకున్నాడు.

"మిషన్ వద్దులే సార్. ఈ చెట్టు కింద మీరే ఉండండి. ఒక్క షరతు. పెయింటు డబ్బా మాత్రం ఈ ఛాయలకు తేవద్దు!"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మోకాళ్ళు ఒప్పుకోక కుర్చీలోనే రెండుసార్లు ఊగినా.

మిగిలిన వానకుండను రమాదేవి పిల్లోళ్ళకు చూపించేదానికి స్కూలుకు తీసుకపోయింది. దాని పక్కన మామూలు కుండ పెట్టి, రెండింట్లో నీళ్ళు పోసి పాఠం చెప్పిందంట. నిన్న సాయంత్రం స్లిప్ టెస్ట్ పేపర్లు పట్టుకొని చలివేంద్రానికి వచ్చింది.

"అందరూ రంధ్రాలు, ఆవిరి అని బాగానే రాసినారు సార్. ఈ ఒక్క పాప జవాబుకు ఎన్ని మార్కులు వేయల్లో నాకు తెలీలేదు. మీరే దిద్దండి."

ప్రశ్న: రంగు వేసిన కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడలేదు? రెండు మార్కులు. ఆ పాప ముత్యాల్లాంటి అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం రాసింది: "దానికి రిటైరైన సైన్సు సార్ పెయింటు వేసినారు కాబట్టి."

కిందా మీదా చూసినా. చదివిందే మళ్ళా చదివినా. ఎర్రపెన్ను తీసుకొని రెండుకు రెండు వేసి ఇచ్చినా. ఇంకేం చేయమంటారు, తప్పని కొట్టేసే దారే లేదు గదప్పా!