అధ్యక్షులకు తలంటు

నిమ్మకాయంత చింతపండుతో, ఒక్క పూటలో, అమెరికా చరిత్రను తుడిచిపెట్టిన మనిషిని మీరు చూసి ఉండరు. చూడండి, నేనే. లెక్క తప్పని మనిషినని పేరుంది కాబట్టి వివరాలన్నీ వరసగానే చెబుతాను.

1999 డిసెంబరు. సిడ్నీలో, బ్లాక్‌టౌన్‌లో, నాయుడుగారి ఇంటి వెనక రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. ఆయన తాతలు విజయనగరం నుంచి ఫిజీ చెరకు తోటలకు వెళితే, ఈయన ఫిజీ నుంచి ఇక్కడికి వచ్చారు. మా ఆయన వైటూకే పని మీద వచ్చిన ప్రోగ్రామరు. జనవరి ఒకటిన కంప్యూటర్లన్నీ వందేళ్ళు వెనక్కి నడుస్తాయని లోకం వణుకుతున్న రోజులవి.

నాయుడుగారి వణుకు వేరు. అమెరికా అధ్యక్షుల బొమ్మలున్న నాణేలు, ఎన్నికల్లో ఓడిన పెద్దమనుషుల ప్రచార బిళ్ళలతో సహా, ముప్పై ఆరు ఆయన బ్యాంకు లాకరులో ఉండేవి. వాటిని పెట్టెతో తెచ్చి నా చేతిలో పెట్టారు.

"లాకర్ డోర్ కూడా కంప్యూటరే కదమ్మా! జామ్ అయితే నా ప్రెసిడెంట్లు లోపలే. మీ హస్బెండ్ కంప్యూటర్ మనిషి, మీ ఇల్లు సేఫ్. నేను ఫిజీలో సూవా వెళ్ళి చెల్లిని చూసి వస్తా."

"నిశ్చింతగా వెళ్ళిరండి, నాయుడుగారూ."

లెక్క చూసుకుందామని పెట్టె తెరిచాను. ముప్పై ఆరూ ఉన్నాయి, మాడిన మూకుళ్ళలా! దేశాలేలిన వాళ్ళకు ఇదా గతి? ఆ రోజు శుక్రవారం. దేవుడి సామాను తోమిన చెయ్యి ఇంకా ఆరలేదు. వెండికి విభూతి, రాగికి చింతపండు, మొండి మరకలకు ఆకుపచ్చ పీచు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసు తొక్కకుండానే కడిగాను, అదీ ఊళ్ళోవాళ్ళ కాళ్ళు. అక్కడ ఆఫీసులో మా ఆయన తేదీలు సరిచేస్తుంటే, ఇక్కడ నేను తేదీలు అరగదీశాను.

లోకం మునగలేదు. జనవరిలో నాయుడుగారు తిరిగొచ్చి, తన నాణేల మిత్రుడు బ్రూస్‌ను వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. పెట్టె తెరిచారు. పెళ్ళివారి స్టీలు సామాను కొట్టులా ధగధగ!

"ఇవి నావి కాదు," అన్నారు.

"మీవేనండీ. లెక్క చూసుకోండి, ముప్పై ఆరు."

"నావి బ్లాక్ అమ్మా! నూరేళ్ళ బ్లాక్! ఆ నలుపే వాటి వయసు, వాటి వాల్యూ. ఒరిజినల్స్ ఎక్కడ?"

బ్రూస్ ఒకటి తిప్పి చూసి, "ఎవరో మార్చేశారు, మేట్," అని తేల్చాడు.

మా ఆయన నా చెవిలో, "ఏం చేశావే?"

"తోమాను."

"దేన్ని?"

"అన్నిటినీ."

నాయుడుగారు నమ్మనే లేదు. "తోమితే ఇంత షైన్ రాదు! నిజం చెప్పండి, లేదంటే ఇల్లు ఖాళీ చేయండి. నేను పోలీసు దగ్గరకు వెళ్తా."

నన్నా? మార్కెట్లో పది సెంట్లు ఎక్కువిచ్చారని రైలు దిగి వెనక్కి వెళ్ళి ఇచ్చొచ్చిన దాన్ని! ఒళ్ళు మండిపోయింది.

"మీ దగ్గర నల్లటిది ఇంకొక్కటుంటే ఇలా ఇవ్వండి. మీ కళ్ళెదుటే చూపిస్తాను."

ఆయనకూ పంతం వచ్చింది. పర్సులోంచి ఒక రాగి బిళ్ళ తీశారు. లింకన్ బొమ్మ. "ఇది మా నాన్నది. పెట్టెలో కూడా పెట్టను. ట్రై చేయండి, ఈ నలుపు జన్మలో పోదు!"

పోయింది. రెండు నిమిషాల్లో, సగం గడ్డంతో సహా.

"చూశారా!" బిళ్ళను ఎండలోకి ఎత్తిపట్టాను. "ఇప్పుడు చెప్పండి, నేను దొంగనా?"

బ్రూస్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. నాయుడుగారు మెట్టు మీద కూలబడ్డారు.

"కాదమ్మా. దొంగ అయినా బాగుండేది. దొంగ దగ్గర్నుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు."

ఆ పెద్దమనిషి ఇల్లు ఖాళీ చేయమనలేదు. నా నిజాయితీ మీద ఆయనకిక అనుమానమే లేదు మరి. అదే పూట, తూర్పు తిరిగి, నీళ్ళు వదిలి ప్రమాణం చేశాను: ఇకమీదట ఈ లోకం నన్ను దొంగ అననీ, దోపిడీదారు అననీ, నేను నిర్దోషినని రుజువు చేయను గాక చేయను.