ఒళ్ళో రేడియేటరు

గాజువాకలో మూడోసారి బాగుచేయించిన రేడియేటరును ఒళ్ళో పెట్టుకుని మధురవాడ బస్సులో కూర్చున్నాను. ఒళ్ళు మండిపోతోంది. నా పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ఇంజను ప్రతి ఆదివారం సలసల కాగి ఆవిర్లు కక్కుతోంది. ఒక మెకానిక్ థర్మోస్టాట్ అన్నాడు, ఇంకొకడు వాటర్ పంపు అన్నాడు. అన్నీ మార్చాను. అయినా కాగుతూనే ఉంది.

పక్క సీటులో ఒక పెద్దావిడ ఆసుపత్రికి క్యారేజీ పట్టుకెళ్తోంది. "ఏటి బాబూ అది?" అంది.

"కారుదమ్మా. ఇంజను వేడెక్కిపోతోంది," అన్నాను విసురుగా.

"ఎప్పుడు వేడెక్కతాది? నడుత్తన్నప్పుడా, ఆగినప్పుడా?"

ఈవిడ కూడా మొదలుపెట్టింది! "మీకు కార్ల సంగతి తెలుసా?"

"నాకేటి తెలుసు! మా మనవరాలికి జొరం. మందు రాసేముందు డాక్టరమ్మ ఇలాగే అడిగింది, ఎప్పుడెప్పుడు వత్తందని."

"ఆగినప్పుడే," అన్నాను, ఆలోచించి.

"మరెందుకు ఆపుతావు?"

ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో ఆపితే ఫొటోల కోసం జనం కారు ముందు మూగుతారు. ఇంజను చప్పుడు వాళ్ళు వినాలని దాన్ని ఆపకుండా ఉంచుతాను. రేడియేటరుకి గాలి తగిలే సందుండదు.

"సిగ్నళ్ళమ్మా," అన్నాను.

జ్వరం ఉందేమోనని నుదురు తాకి చూసినట్టు ఆవిడ రేడియేటరు మీద చెయ్యి వేసింది. "ఇప్పుడైతే సల్లగానే ఉంది," అంది.

ఆ రోజు నుంచి ఎవరైనా ఫొటో అడిగితే ముందు ఇంజను ఆపేస్తున్నాను. చప్పుడేదని ఇంతవరకు ఒక్కడూ అడగలేదు.