అసిరమ్మ పళ్ళు

స్టీలు ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు అసిరమ్మకి నిర్వాసితుల కాలనీలో ఇంటి స్థలం ఇచ్చారు. రెక్కలు ముక్కలు చేసుకుని అందులో ఓ పాక వేసుకుంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా మరిది కొడుకు వరహాలు. తల్లి చచ్చిపోతే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. వాడి పాలపళ్ళు ఊడితే ఇంటి కప్పు మీదకి విసిరి, గట్టి పళ్ళు రావాలని మొక్కింది కూడా ఆవిడే. గట్టివే వచ్చాయి, కరవడానికి.

కాలనీలో ఏ పసిబిడ్డ గుక్కపట్టినా అసిరమ్మ దగ్గరికే తెచ్చేవారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి, ఏదో గొణిగి నిప్పుల్లో పోసేది. ఆ గొణుగుడు మంత్రమూ కాదు, మట్టీ కాదు. బిడ్డని చల్లగా చూడమని నూకాలమ్మకి చెప్పుకోవడం, అంతే. ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేది. మంత్రమనుకుంటే మనిషికి కాస్త విలువ. ఆ విలువే కొంప ముంచింది.

స్థలం తన పేర పెట్టమన్నాడు వరహాలు.

"నాను సచ్చినాక నీదే గదరా" అంది.

అంతవరకూ ఆగే ఓపిక వాడికి లేదు. ఎనభైమూడు వానాకాలంలో పక్కింటి బిడ్డ జ్వరంతో పోయింది. "మా పెద్దమ్మే సిల్లంగి ఎట్టింది, నాను సూసినాను" అన్నాడు. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టేవాళ్ళకి పళ్ళు పీకేస్తే ఇక మంత్రం పలకదట! నిన్నటిదాకా బిడ్డల్ని ఆవిడ ఒళ్ళో పెట్టినవాళ్ళే ఆవిణ్ణి కరెంటు స్తంభానికి కట్టారు. పట్టకారు పట్టుకున్నది వరహాలు.

"అది మంత్రం కాదురా వరాలూ, మొక్కురా!" అని మొత్తుకుంది. ఇన్నాళ్ళూ చెప్పని మాట ఆ పూట ఎవరు నమ్ముతారు?

పోలీసు వచ్చి అడిగితే కాలనీ మొత్తం "మాకేటి తెల్దు బాబూ" అంది. ఎక్కడికైనా పోయి తలదాచుకోమని ఆయన ముసలిదానికే సలహా చెప్పి పోయాడు. థూ!

అసిరమ్మ కదల్లేదు. పోతే ఆ పాక వరహాలు పాలవుతుందని తెలుసు. గంజి తాగి అక్కడే పడి ఉంది.

ఏడాది తిరిగేసరికి వరహాలు పెళ్ళాం కాంతం, జ్వరంతో కన్ను తెరవని కూతుర్ని భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. వాడు వీధిలో తలొంచుకుని నిలబడ్డాడు.

"అత్తా, గుంటకి దిష్టి తియ్యే."

అసిరమ్మ ఉప్పు తిప్పి నిప్పుల్లో పోసింది. పెదవి మాత్రం కదపలేదు.

"మంత్రం సదవలేదేటత్తా?"

"నీ మొగుడు పీకేసినాడు గదే. ఎల్లి ఆణ్ణడుగు. ముందు గుంటని పెద్దాసుపత్రికి ఎత్తుకుపో."

వాళ్ళు వెళ్ళాక తలుపేసుకుని, ఆ బోసినోటితోనే బిడ్డ కోసం నూకాలమ్మకి చెప్పుకుంది. పైకి వినపడకుండా చెప్పుకుంది. ఎవరి చెవినైనా పడితే మళ్ళీ స్తంభానికి కడతారు.