డాక్టరుగారికి కోపమెక్కువా?

ఉద్యోగం వెతుక్కుంటూ పరువు పోగొట్టుకున్నవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. ఇంకొకరికి ఉద్యోగం ఇవ్వబోయి, ఉన్న కాస్త పరువూ తాండూరులో పారేసుకొచ్చిన మనిషిని మాత్రం చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. ఇప్పటికీ ఆ వైపు రైలెక్కితే తాండూరు దాటేదాకా కిటికీ మూసుకుని కూర్చుంటాను.

ఎనభైల మొదట్లో సంగతి. హైదరాబాదులో మా విశ్వవిద్యాలయానికి ఒక కంప్యూటర్ వచ్చింది. పెద్ద గదంతా అదే ఆక్రమించుకుంది. మనుషులకు ఫ్యాన్లే దిక్కైన రోజుల్లో దానికి ఏసీ పెట్టారు. ఆసుపత్రుల్లో దుమ్ముపట్టిపోతున్న రోగుల వివరాలన్నీ దానికెక్కించి, ఏ ఊళ్లో ఏ జబ్బు ఎందుకు ఎక్కువో కనిపెట్టే చదువొకటి మొదలుపెట్టాలని మా హెడ్డుగారి కోరిక. వైద్యమూ లెక్కలూ కలిసిన కొత్త విభాగమన్నమాట. దానికి ఒక లెక్చరర్ పోస్టు మంజూరైంది. కానీ చెప్పే మనిషి దొరకాలిగా? డాక్టర్లను పిలిస్తే లెక్కలనగానే పారిపోయారు. లెక్కలవాళ్లను పిలిస్తే ఆసుపత్రి వాసన పడదన్నారు. నెలాఖరులోగా పేరు పంపకపోతే పోస్టు వెనక్కి పోతుంది. పోస్టుతోపాటు విభాగమూ, దాంట్లో తాత్కాలికంగా పనిచేస్తున్న నేనూ పోతాం. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. హాస్టల్లో ఉండేదాన్ని. ఉద్యోగం పోయి ఇంటికెళ్తే పెళ్లిచూపులకు కూర్చోవడం తప్ప వేరే పని ఉండదు. కాబట్టి ఆ పోస్టు నిండటం హెడ్డుగారికంటే నాకే ఎక్కువ అవసరం.

అలాంటి సమయంలో హెడ్డుగారు ఏదో డాక్టర్ల సభకు వెళ్లి, కళ్లు మెరిపించుకుంటూ వచ్చారు. తాండూరులో చిన్న ఆసుపత్రి నడిపే మల్లేశం అనే కుర్ర డాక్టరు అక్కడ ఓ విచిత్రం చూపించాడట. ఒక్కో రోగికి ఒక్కో అట్టముక్క. అంచుల చుట్టూ చిన్న రంధ్రాలు. రోగిని బట్టి కొన్ని రంధ్రాలను అంచుదాకా కత్తిరించేస్తాడు. ఆ అట్టల దొంతర పట్టుకుని, స్వెట్టర్లు అల్లే సూదిని మనం వెతికే జబ్బు తాలూకు రంధ్రాల్లో ఒక్కొక్కదాంట్లో దూర్చి పైకెత్తితే, ఆ జబ్బున్నవాళ్ల అట్టలు మాత్రమే జలజలా కింద పడతాయి. మిగతావి సూదికే వేలాడతాయి. బండల గనుల్లో పనిచేసేవాళ్లలో ఎవరికి దగ్గు ఎక్కువో అతను అలా తేల్చాడు. కరెంటు లేదు, ఏసీ లేదు.

"మన మనిషి ఇతనే," అన్నారు హెడ్డుగారు. "నువ్వు వెళ్లి మనిషెలాంటివాడో చాటుగా కనుక్కురా. పోస్టుందన్న సంగతి మాత్రం ఎక్కడా నోరు జారకు. పొక్కిందంటే రేపటికల్లా సిఫార్సు ఉత్తరాలు మూటలుగా వచ్చిపడతాయి."

నాకు చిన్నప్పటినుంచీ ప్రశ్నలడగడమంటే ప్రాణం. కూరలు కొన్నా వంకాయ పుట్టుపూర్వోత్తరాలు అడిగిగానీ సంచిలో వేయను. అలాంటి నన్ను, ఎందుకో చెప్పకుండా ఒక పెళ్లికాని డాక్టరు గురించి ఊరంతా ఆరా తీయమని పంపారు. జరగబోయేది మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. నాకు మాత్రం కాలేదు. అదే కదా నా ప్రత్యేకత.

పొద్దున్నే తాండూరులో దిగాను. డాక్టరుగారు దౌల్తాబాద్ వైపు ఏదో శిబిరానికి వెళ్లారని, రాత్రికిగానీ రారని తెలిసింది. చాటుగా విచారించడానికి ఇంతకంటే మంచిరోజు దొరకదని నేను సంబరపడ్డాను. స్టేషను ఎదురుగా ఖాదర్ భాయ్ అనే పెద్దాయన చాయ్ హోటల్ ఉంది. ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను. డాక్టరుగారికి కోపమెక్కువా? తాగుడు, పేకాట లాంటివి ఉన్నాయా? నలుగురితో సర్దుకుపోతారా? ఇక్కడ నెలకెంత వస్తుంది? కంటిచూపు బాగానే ఉందా? కళ్లెందుకంటే, అన్నేసి కార్డులు చూడాలి కదా అని నా ముందుచూపు.

ఖాదర్ భాయ్ ముందు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. తరవాత బల్ల తుడిచాడు, చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు, డబ్బులిస్తే వద్దన్నాడు.

"డాక్టర్ సాబ్ అంటే బంగారం అమ్మా. పాన్ గూడ నమలడు. కోపం సంగతంటరా, జర్రంత వస్తది, మల్ల పోతది. గింత నిఖార్సయిన మనిషిని మీరు దీపం పెట్టి దేవులాడినా దొరకడు. మీ పెద్దమనుషులెవ్వరు రాలేదా?"

"ముందు నన్ను చూసి రమ్మన్నారు. నచ్చితే వాళ్లు తరవాత మాట్లాడతారు," అన్నాను, మా సెలక్షన్ కమిటీని తల్చుకుని.

"జమానా మారిపాయె," అని ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు.

అక్కణ్నుంచి మందుల షాపు, బట్టల కొట్టు, బండల యార్డు. ఎక్కడ అడిగినా ఒకే పాట. డాక్టరంత నెమ్మదస్తుడు జిల్లాలో లేడు. తల్లి మాట జవదాటడు. బట్టల కొట్టాయనైతే, డాక్టరుగారి పళ్లు కూడా చక్కగా ఉంటాయని నేనడక్కుండానే చెప్పాడు. ఊరు ఊరంతా ఇంత ఏకగ్రీవంగా పొగిడే మనిషిని నేనెక్కడా చూడలేదు. పెళ్లి సంబంధం విచారణకు వచ్చినవాళ్ల దగ్గర ఎవరూ చెడు చెప్పరన్న సంగతి, మా అక్కయ్యల పెళ్లిళ్లన్నీ చూసిన నాకు ఆ క్షణంలో తట్టలేదు. రాసుకోలేక చెయ్యి నొప్పెట్టింది.

మధ్యాహ్నానికల్లా డాక్టరుగారి తల్లి బీరమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది, భోజనానికి రమ్మని. గొర్లు కాసి కొడుకును డాక్టరు చదివించిన ఇల్లాలు. జొన్నరొట్టె, పుంటికూర పెట్టి ఎదురుగా కూర్చుని, ఆమే నన్ను అడగడం మొదలుపెట్టింది. మాదేవూరు, నాన్నగారేం చేస్తారు, అక్కలెందరు, తమ్ముళ్లెందరు. కొడుకును పంపించే ముందు తల్లి ఆమాత్రం తెలుసుకోవడం సబబేనని అన్నీ చెప్పాను. వంట వచ్చా అని అడిగింది. రాదన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. పాపం, హైదరాబాదులో కొడుకు తిండి సంగతి ఏమవుతుందోనని బెంగ కాబోలనుకుని, మెస్సు ఉంది, భోజనం బాగానే ఉంటుందని ధైర్యం చెప్పాను. ముఖం ఇంకా చిన్నబోయింది.

ఆవిడ గొంతు తగ్గించింది. "నీ దగ్గర దాసిపెట్టుడెందుకు బిడ్డా. మావోనికి వికారాబాద్ల ఒక పిల్ల మీద మనసున్నది. రత్నమాల అని, కాలేజీల లెక్కలు జెప్తది. మాట అనుకున్నం, ఇంక పసుపు కుంకుమ గాలె. ఆ పిల్లను ఇడిసిపెట్టి వాడు హైదరాబాద్ రాడు."

పోస్టు, విభాగం, నా నౌకరి, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. అప్పుడు నేనన్న మాట ఇది. దయచేసి నవ్వకండి.

"మీరేం దిగులుపడకండి. ఆ అమ్మాయి సంగతి నాకు వదిలేయండి. నేనే వికారాబాదులో దిగి, ఆమెతో మాట్లాడి, ఆయన్ను పంపడానికి ఒప్పిస్తాను."

బీరమ్మ నోట్లో పెట్టుకోబోయిన రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది. గుమ్మం పక్క నిలబడ్డ ఆవిడ తమ్ముడు, చెప్పులేసుకుని గబగబా బస్టాండు వైపు వెళ్లాడు. ఏదో పని గుర్తొచ్చిందేమో అనుకున్నాను.

నా రైలు ఆలస్యమైంది, బీరమ్మ తమ్ముడెక్కిన బస్సు కాలేదు. నేను వికారాబాదులో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి ఒకామె, వేళ్లకంటిన సుద్దపొడి కూడా కడుక్కోకుండా నిలబడి ఉంది. దిగిన ఆడవాళ్లలో నన్ను ఎలా పోల్చిందో తెలియదు. నేరుగా వచ్చేసింది.

"తాండూరుల డాక్టర్ కోసమొచ్చింది మీరేనా?"

"మీరు రత్నమాలగారా? మీ కోసమే దిగాను. దయచేసి ఆయన్ను ఆపకండి. ఆయన అవసరం మాకు చాలా ఉంది. మీరు ఊఁ అంటే నెలాఖరులోపే అయిపోతుంది."

"అయిపోతదా?" అంది ఆమె. కళ్లజోడు వెనక కళ్లు ఎర్రబడ్డాయి. "ఎన్నడన్న ఆయనతోని మాట్లాడిన్రా మీరు?"

"లేదు. అసలు చూడనే లేదు."

"మరి ఆయనల ఏం నచ్చింది మీకు?"

"అట్టలు," అన్నాను నిజాయితీగా. "ఆ రంధ్రాల అట్టలు, సూది."

పిచ్చివాళ్లను చూసేటప్పుడు కళ్లలోకి వచ్చే జాలి ఆమె కళ్లలోకి వచ్చింది. "అట్టలు జూసి పెండ్లి చేస్కుంటరా ఎవరన్న?"

పెండ్లి. ఆ మాట చెవిన పడ్డాక, పొద్దుటినుంచీ జరిగిందంతా ఒక్కొక్కటే వెనక్కి నడిచొచ్చింది. ఖాదర్ భాయ్ బిస్కెట్లు, డాక్టరుగారి పళ్లు, పుంటికూర, మెస్సు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఎదురుగా నిలబడ్డ ఆ పిల్ల బతుకుతో నేను ఆడుకున్నానే అని నిజంగా బాధేసింది. హెడ్డుగారి రహస్యం పట్టాల కిందకి తోసేసి, సిమెంటు బెంచీ మీద కూలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. పోస్టు, కంప్యూటర్, నెలాఖరు, అన్నీ.

ఆమె నవ్వుతుందనుకున్నాను. ఇంకా కోపమొచ్చింది.

"ఆ అట్టలు చేసింది నేను," అంది. "జబ్బులేందో, ఏమేం అడగాల్నో ఆయన జెప్పిండు. ఒక్కో జబ్బుకు ఒక్కో రంధ్రం పెడదామన్నడు. నాలుగు రంధ్రాలు చాలు, పదిహేను జబ్బులు పడ్తయని నేనన్న. సభల గూడ ఆఖరికి నా పేరు జెప్పిండు. మీ సారు ఇనలేదా?"

ఆఖర్లో చెప్పే మాటలు వినడానికి మా సారు ఉండరు. ఆ సమయానికి భోజనాల వరుసలో ముందుంటారు. కానీ నా బుర్రలో అప్పటికే వేరే పురుగు దూరింది.

"నాలుగు రంధ్రాల్లో పదిహేను జబ్బులెలా పడతాయి?"

"కందులు తూచేటోని తాన నాలుగు రాళ్లుంటయి అనుకోండ్రి. ఒక కిలోది, రెండుది, నాలుగుది, ఎనిమిదిది. గా నాలుగింటితోని ఒకటి నుంచి పదిహేను దాంక ఎంతన్న తూస్తడు. ఐదంటే నాలుగుది, ఒకటిది. గట్లనే రంధ్రాలు. ఐదో జబ్బున్నోనికి గా రెండు కత్తిరిస్త."

నేను వేళ్లమీద ఏడు తూచాను, పదకొండు తూచాను. తూగింది. పధ్నాలుగు తప్పు చెప్తే ఆమె సరిదిద్దింది. మరి రెండు జబ్బులున్నవాళ్లకో అని అడిగాను. అందుకు ఇంకో వరస ఉందంది. వయసుకో? దానికీ ఉందట. అడగగలిగినన్ని అడిగాను. మేమిద్దరం సవతులమన్న సంగతి ఆమె మరిచిపోయింది, నా పరువు పోయిన సంగతి నేను మరిచిపోయాను, హైదరాబాదు రైలు మా ముందునుంచే వెళ్లిపోయింది. మందులషాపు ముసలాయన పొగడ్తలు రాసుకున్న కాగితాలు సంచిలో ఉండగా, నాక్కావలసిన మనిషి సుద్దపొడి చేతులతో నా పక్కనే కూర్చుని ఉంది.

"మీరొస్తారా?" అని అడిగాను.

ఆమె వెంటనే అవుననలేదు. ఆ కంప్యూటర్ ఎన్ని అట్టలు మింగుతుందో ముందు చూపించమంది.

ఇంటర్వ్యూలో కమిటీ పెద్దాయన ఒకరు, పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తావా అమ్మా అని అడిగారు. పెళ్లయ్యాక ఆయనే తాండూరు మానేసి హైదరాబాదు వస్తడు సార్ అని రత్నమాల చెప్పింది. పోస్టు నిండింది. విభాగం నిలబడింది. నేనూ నిలబడ్డాను.

ఆ ఎండాకాలంలో వాళ్ల పెళ్లి, తాండూరులోనే. వెళ్లక తప్పలేదు. ఖాదర్ భాయ్ నన్ను చూసి తల దించుకున్నాడు. బట్టల కొట్టాయన తానే కుర్చీ తెచ్చి వేశాడు. ఆడవాళ్లంతా నావైపు చూసి గొంతులు తగ్గించుకున్నారు. నేను వచ్చింది ఉద్యోగం పనిమీదని రత్నమాల అప్పటికే అత్తగారికి పదిసార్లు చెప్పిందట. బీరమ్మ ఒక్కసారీ నమ్మలేదు. తలంబ్రాలయ్యాక నన్ను పక్కకు తీసుకెళ్లి, రెండు చేతులూ పట్టుకుంది.

"నాకు తెల్వదా బిడ్డా. నౌకరి ఇచ్చేటోళ్లు పిలగాని కోపం గురించి ఎందుకడుగుతరు? నీ మనసు ఇరగ్గొట్టుకుని, ఆ పిల్లకు నౌకరి ఇప్పిచ్చి, నువ్వు పక్కకు జరిగినవు. గింత పెద్ద మనసు యాడ జూడలే." అని కళ్లు తుడుచుకుని, నా ఒళ్లో ఒక చీర పెట్టింది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా ముక్కులు చీదుతున్నారు. చీర పుచ్చుకుని, త్యాగమూర్తిలా తల వంచుకున్నాను.

కనుక ఆ ఒళ్లోని చీర మీద చెయ్యేసి, తాండూరు జనమంతా సాక్షిగా అప్పుడే ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఎంత గొప్ప మేధావిని ఉద్యోగంలోకి తీసుకోవలసి వచ్చినా, అతని చదువు గురించి తప్ప ఇంకే సంగతీ అడగను. కోపం గురించి అడిగి తీరాలంటే ఉద్యోగ ప్రకటన మెడలో వేలాడదీసుకుని అడుగుతాను. అతను పెళ్లికానివాడైతే మాత్రం, విచారణకు మా హెడ్డుగారినే పంపిస్తాను.